పారబోసిన వాన

ఆయన్ని ఊళ్ళో అందరూ డిగ్రీలాయన అనేవారు. పదో తరగతితో చదువుకు దండం పెట్టేసిన మనిషికి ఆ పేరెలా వచ్చిందని కొత్తవాళ్ళెవరైనా అడిగితే, "ఆయన డిగ్రీలన్నీ థర్మామీటర్లో ఉంటాయిలే" అని పాతవాళ్ళు నవ్వేవారు. ఆ హాస్యానికి ముప్ఫై నాలుగేళ్ళు. ఇంకొకరైతే విసుక్కునేవారే. ఆయన మాత్రం ప్రతిసారీ అప్పుడే విన్నట్టు ఓ చిన్న నవ్వు నవ్వి తన దారిన పోయేవాడు. రోజు మొత్తం మీద తనతో ఎవరైనా అన్న మాట అదొక్కటే అయిన రోజులు కూడా ఉండేవి మరి, దాన్నీ కాదనుకుంటే ఎలా?

ఆయన ఉద్యోగం ఏమిటో చెప్పడం చాలా తేలిక. నీటి సరఫరా ఆఫీసు వెనక తీగకంచె వేసిన పచ్చిక ముక్క ఒకటి ఉంది. అందులో నాలుగు కాళ్ళ మీద నిలబడ్డ తెల్ల చెక్కపెట్టె. గాలి ఆడేలా దాని గోడలన్నీ చెక్కరెక్కలే. లోపల నాలుగు థర్మామీటర్లు. పక్కన వాన కొలవడానికి గరాటు బిగించిన డబ్బా. పొద్దున ఎనిమిదింటికి, సాయంత్రం ఐదింటికి వెళ్ళి, పెట్టె తలుపు తీసి, మన ఊపిరి వేడి తగలకుండా ఊపిరి బిగబట్టి, కన్ను సరిగ్గా పాదరసం అంచుకు ఎదురుగా వచ్చేలా మోకాళ్ళు వంచి, డిగ్రీలో పదో వంతు దాకా చూసి రిజిస్టర్లో రాయాలి. డబ్బాలో నీళ్ళుంటే గాజు కొలపాత్రలో పోసి, కొలిచి, అదీ రాయాలి. నెలాఖరుకి నకలు తీసి ప్రధాన కార్యాలయానికి పంపాలి. ఓస్, ఇంతేనా అనిపిస్తుంది. ఆదివారం లేదు, జ్వరం లేదు, ముసురు లేదు, రోజుకు రెండుసార్లు, ముప్ఫై నాలుగేళ్ళు చేసి చూడండి, తెలుస్తుంది.

చేరిన రోజున పై అధికారి ఆయనకు చెప్పిన నియమం ఒకటే. "చూసింది రాయి. చూడకపోతే ఆ గడిలో గీత పెట్టు. ఊహించి మాత్రం రాయకు."

ఆయనకు ఒంట్లో బాగాలేనప్పుడు భార్య వెళ్ళి చూసేది. కాగితాల మీద ఆవిడ 'ప్రత్యామ్నాయ పరిశీలకురాలు'. "ఆ పేరు పలకడం పూర్తయ్యేసరికి పాదరసం ఓ గీత దిగిపోతుంది" అనేది. మనిషి పొట్టి. ఆయన మోకాళ్ళు వంచే చోట ఆవిడ ఇటుక వేసుకుని ఎక్కేది. ఎక్కి, కొంగ మెడ చాచినట్టు చాచి చూసి, ఇంటికొచ్చి ఆ అంకె మంచం మీదున్న మొగుడికి చెప్పి, "నమ్మకం లేకపోతే లేచెళ్ళి చూసుకో" అనేది. ఆయన నమ్మేవాడు. వాళ్ళకు పిల్లలు లేరు. ఆ పెట్టెకే ఇద్దరూ వంతులవారీగా కాపలా కాశారు.

ఇంతటి నియమం గల మనిషి తప్పు చేశాడు. ఒక్కసారి చేశాడు. అదేదో ఇప్పుడే చెప్పేస్తాను, చివరిదాకా దాచి మిమ్మల్ని ఊరించాల్సిన పని లేదు.

పంతొమ్మిదేళ్ళ క్రితం మే నెలలో ఆవిడకు జ్వరం ముదిరింది. ఊళ్ళో డాక్టరు చేతులెత్తేశాడు. బస్సులో ఐదు గంటల దూరంలో ఉన్న నగరంలో ఆసుపత్రిలో చేర్చారు. చూడాల్సిన మనిషి మంచం పక్కన స్టూలు మీద, ఆయనకు బదులు చూడాల్సిన మనిషి మంచం మీద. ఇక పెట్టెను చూసేదెవరు? తొమ్మిదో తేదీ నుంచి పంతొమ్మిది దాకా, పదకొండు రోజులు, ఆ తలుపు ఎవరూ తీయలేదు. పంతొమ్మిది సాయంత్రం ఆవిడ పోయింది. ఇరవయ్యో తేదీ పొద్దున ఏడింటికి అంబులెన్సు ఇంటి ముందు ఆగింది. ఎనిమిదయ్యేసరికి ముందుగది నిండా మనుషులు. అంతమందిలోంచి ఈయన లేచి వెళ్ళిపోయాడు. చెప్పులు వేసుకోలేదని కూడా తెలియదు. కాళ్ళు వాటంతటవే రోజూ ఎనిమిదింటికి వెళ్ళే దారి పట్టాయి.

పెట్టె తలుపు తీసి చూశాడు, రాశాడు. తర్వాత వాన డబ్బా ఎత్తాడు. బరువుగా ఉంది. చేతి అలవాటు చొప్పున కొలపాత్రలో పోశాడు. ముప్ఫై ఒకటి పాయింట్ నాలుగు మిల్లీమీటర్లు. తను లేని పదకొండు రోజుల్లో ఎప్పుడో ఊళ్ళో వాన పడింది. ఏ రోజో తెలియదు. రిజిస్టరు వైపు చూశాడు. పైనుంచి కిందికి పదకొండు గళ్ళు ఖాళీగా ఉన్నాయి. పదిహేనేళ్ళలో ఒక్క గీత లేని రిజిస్టరు అది, అందులో సగం గర్వం ఆవిడది. ఆ గళ్ళలో వరసగా గీతలు పెట్టుకుంటూ పోవడం ఆ పూట ఆయన వల్ల కాలేదు. కొలపాత్రలో నీళ్ళు పచ్చిక మీద పారబోశాడు. మర్నాడు కూర్చుని, మే నెల ఎండ ఎలా ఉంటుందో తెలియనివాడా ఏమిటి, పదకొండు రోజుల అంకెలూ ఊహించి రాసేశాడు. వాన గడిలో పదకొండు సున్నాలు చుట్టాడు.

ఆ తర్వాత పరిస్థితి తేలు కుట్టిన దొంగ పరిస్థితి. ఆ వాన ఏ రోజు పడిందో తెలుసుకోవాలని ఆయనకు గట్టిగా ఉండేది, దానికి ఆయన కారణం ఆయనకుంది. కానీ ఎవరిని అడుగుతాడు? వాన ఎప్పుడు పడిందని ఊరంతా వచ్చి ఈయన్ని అడుగుతారు. ఊళ్ళో ఆ ప్రశ్న అడగడానికి వీల్లేని మనిషి ఈయనొక్కడే.

భార్య పోయాక ఇంటికి వచ్చే మనిషి ఒకడే మిగిలాడు, ఆవిడ తమ్ముడు. టెంట్లు, కుర్చీలు, మైకుసెట్లు అద్దెకిచ్చే వ్యాపారం అతనిది. మైకు పనిచేస్తోందో లేదో చూడ్డానికి 'హలో, హలో' అంటూ వేదిక ఎక్కినవాడు తర్వాత దిగడం మానేశాడని ఊళ్ళో చెప్పుకుంటారు. ఏ సభ జరిగినా ఆఖర్న రెండు ముక్కలు మాట్లాడాల్సిందే. జనం కూడా కదలకుండా వినేవారు, మాట అంత బాగుంటుంది. అందుకని అందరికీ అతను మైకు బావమరిది. ఎవరికి బావమరిదో తెలియనివాళ్ళు కూడా అలాగే పిలిచేవారు.

ఆదివారం ఐదింటి పని ముగించుకుని ఈయన వచ్చేసరికి అతను వరండాలో చదరంగం బల్ల పరిచి ఉంచేవాడు. ఆట పేరుకే. అసలు పని వాదన. కొన్నేళ్ళుగా ఆ వాదన ఒకే విషయం మీద నడుస్తోంది.

"భూమి వేడెక్కిపోతోందిట బావా. నా చిన్నప్పుడు చెప్పుల్లేకుండా మే నెల్లో రోడ్డు దాటితే అరికాళ్ళు బొబ్బలెక్కేవి. అప్పుడేమన్నా మంచు కురిసిందా?"

"మధ్యాహ్నం కాదురా చూడాల్సింది. తెల్లవారుజామున చూడాలి. రాత్రి చల్లబడ్డం తగ్గుతూ వస్తోంది."

"నీ పెట్టె పక్కన సిమెంటు రోడ్డు వేశారు కదా. పగలు తాగిన ఎండ రాత్రి కక్కుతుంది."

"రోడ్డు వేసి పన్నెండేళ్ళు. తగ్గడం అంతకు ముందు నుంచే ఉంది."

"అప్పుడు ఇంకోటేదో ఉండుంటుంది."

"ఉంటే ఉంటుంది. నీ గుర్రం పోయింది, చూసుకో."

డిగ్రీలాయనకు గెలవాలని ఉండేది కాదు. గెలిస్తే వాదన అయిపోతుంది, వాదన అయిపోతే వాడెందుకు వస్తాడు? ఒక్కటి మాత్రం ఆయనకు లోపల గుచ్చుకునేది. ఎంత వాదించినా చివరికి బావమరిది ఒకే మాటతో ముగించేవాడు. "నిన్ను నేను నమ్ముతాను బావా. నువ్వు రాసిందంటే రాసిందే. నీ అంకెల మీద కూర్చుని సవరణలు చేసే పెద్దపెద్దవాళ్ళనే నమ్మను." ఆ మాట విన్నప్పుడల్లా ఆయన పావులు సర్దుకుంటూ తల దించుకునేవాడు.

అలాంటి ఓ ఆదివారం అతను కాగితాలు చేత్తో పట్టుకుని, కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టాడు. వచ్చే శనివారం టౌన్‌హాల్లో బహిరంగ చర్చ. 'భూమి నిజంగా వేడెక్కుతోందా?' అటువైపు విశ్వవిద్యాలయం నుంచి వచ్చే వాతావరణ శాస్త్రవేత్త, ఆవిడెవరో ప్రొఫెసరమ్మ. ఇటువైపు తను.

"దొరికారు బావా. నీ రికార్డు మొత్తం వాళ్ళ వెబ్‌సైటులో పెట్టారు. పక్కపక్కన రెండు వరసలు. ఒకటి నువ్వు రాసింది, రెండోది వాళ్ళు సవరించింది. ఇది చూడు, ఒక మే నెల్లో వరసగా పదకొండు రోజులు నీ అంకెలు కొట్టేసి వేరేవి పెట్టారు. నిన్ను అడిగారా?"

డిగ్రీలాయన కాగితం అందుకున్నాడు. పైన సంవత్సరం ఉంది, నెల ఉంది. తొమ్మిది నుంచి పంతొమ్మిది దాకా ఆయన అంకెల పక్కన చిన్న గుర్తు పెట్టి ఉంది.

"అడగలేదు" అన్నాడు.

"అడగరు. శనివారం నేను అడుగుతా, అందరి ముందూ. నువ్వు ముందు వరసలో కూర్చో. 'బావా, లేచి చెప్పు, నువ్వు కళ్ళతో చూసి రాసింది నిజమా కాదా' అంటాను. నిజమే అను చాలు. ఆవిడ గారి గొంతులో వెలక్కాయే."

"ఒరేయ్, ఆ నెల..."

"నెలదేముంది, ఏ నెలైతేనేం. పదకొండు రోజులు మార్చినవాళ్ళు పదకొండేళ్ళు మార్చలేదని ఏమిటి నమ్మకం? ఇది పట్టుకుంటే అంతా పేకమేడలా కూలిపోతుంది."

ఇంకో రెండుసార్లు నోరు తెరిచాడు ఈయన. మైకు బావమరిది ఎదురుగా ఉండగా నోరు తెరవడం వేరు, మాట బయటికి రావడం వేరు. పైగా అతనంత ఉత్సాహంగా ఉండడం ఈయన చాలా రోజుల తర్వాత చూస్తున్నాడు. ఆ కాగితం మీది నెల ఏదో అతనికి తట్టలేదు. అక్క పోయిన నెల అది. తట్టలేదు, అంతే.

ఆ వారమంతా ఆయనకు అదే ధ్యాస. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు, ఆ మాట పదే పదే గుర్తుకొచ్చింది. నిజమే అంటే ఊరంతా చప్పట్లు కొడుతుంది, ఆయన పేరు ఆయనకుంటుంది, ఆదివారాలు ఆయనకుంటాయి. ఏ పాపం ఎరగని ఆ ప్రొఫెసరమ్మ మాత్రం అంకెలు మార్చిన దొంగ అవుతుంది. అబద్ధమే అంటే ఆయనే దొంగ. ముప్ఫై నాలుగేళ్ళ రాతకీ ఇక విలువేముంటుంది? శనివారం ఒంట్లో బాగాలేదని పడుకుంటే పోలేదా అనుకున్నాడు. గురువారం పొద్దున పెట్టె తలుపు తీసినప్పుడు ఊపిరి బిగబట్టడం మరిచాడు, ఆ వేడి తగిలి పాదరసం ఒక పిసరు కదిలింది. రెండు నిమిషాలు పక్కకి నిలబడి మళ్ళీ చూసి రాశాడు.

శనివారం వెళ్ళాడు. టౌన్‌హాలు నిండిపోయింది. కుర్చీలు, మైకులు బావమరిదివే, కాబట్టి ఎదుటివాళ్ళు మాట్లాడడానికి కూడా ఒక మైకు అతనే ఇచ్చాడు. ప్రొఫెసరమ్మ నలభై దాటిన మనిషి, గొంతు పెద్దది కాదు. ఒక్క ఊరి మీద, ఒక్క పెట్టె మీద ఆధారపడి చెప్పడం లేదంది. వేల పెట్టెలు, సముద్రంలో తేలే పరికరాలు, కరిగే మంచు, ముందుగా పూసే చెట్లు, అన్నీ కలిపి ఒకే మాట చెబుతున్నాయంది. అంకె తప్పనిపిస్తే చుట్టుపక్కల కేంద్రాలతో పోల్చి పక్కన పెడతామంది. చెప్పింది సరిగ్గానే చెప్పింది కానీ, వినేవాళ్ళు ఆవులించారు.

బావమరిది లేచాడు. అరికాళ్ళ బొబ్బల కథ చెప్పి నవ్వించాడు. రేపు వాన పడుతుందో లేదో చెప్పలేనివాళ్ళు యాభై ఏళ్ళ తర్వాతి ఎండ చెబుతారట అన్నాడు. రేపటి వాన సంగతి వేరు, యాభై ఏళ్ళ సరాసరి వేరు అని ప్రొఫెసరమ్మ అంటూనే ఉంది, చప్పట్లలో వినపడలేదు. అప్పుడతను కాగితం పైకెత్తాడు.

"వేల పెట్టెలన్నారు. నాకు ఒక్క పెట్టె తెలుసు. దాన్ని చూసే మనిషి తెలుసు. తల తెగ్గొట్టినా తప్పు అంకె రాయని మనిషి. అలాంటి మనిషి రాసిన పదకొండు రోజులు వీళ్ళు కొట్టేశారు. దీన్నేమంటారమ్మా?"

ప్రొఫెసరమ్మ కాగితం చూసింది. "ఈ అంకెలు చుట్టుపక్కల ఆరు కేంద్రాలతో కలవలేదండి. మెట్లు కట్టినట్టు ఉన్నాయి. చూసి రాసినవి అలా ఉండవు. ఎవరినీ వేలెత్తి చూపడం లేదు, అనుమానం గుర్తు పెట్టాం" అంది.

"చూసి రాసినవి కావంటోంది. విన్నారా? సరే, ఆయన్నే అడుగుదాం. బావా, ఒక్కసారి లేచి చెప్పు. నువ్వు చూసే రాశావా?"

ఎవరో మైకు తెచ్చి ఆయన చేతికిచ్చారు. అది చల్లగా, అనుకున్నదానికంటే బరువుగా ఉంది. హాలంతా ఆయన వైపే తిరిగింది. అంతమంది ఒక్కసారిగా తనను చూడడం ఆయన జన్మలో అదే మొదలు.

"లేదు" అన్నాడు.

మైకులో అది చాలా గట్టిగా వినపడింది. ఆయనే ఉలిక్కిపడ్డాడు.

"ఆ పదకొండు రోజులూ నేను ఊళ్ళో లేను. వచ్చాక ఊహించి రాశాను. వాన పడితే పడలేదని రాశాను. వాళ్ళు కొట్టేసింది న్యాయమే."

వెనక వరసలో ఒకడు కిసుక్కున నవ్వాడు. బావమరిది చేతిలో కాగితం ఇంకా పైకే ఉంది. ఏదో అనబోయి, మైకు నోటికి దగ్గరగా ఉన్నా, ఏమీ అనలేదు. అతనికి మాట దొరక్కపోవడం కూడా ఆ ఊరు అదే మొదటిసారి చూడడం.

ఎవరు గెలిచారంటే చెప్పడం కష్టం. ప్రొఫెసరమ్మ చెప్పింది నిజమేనని తేలిందా? తేలింది. కానీ జనం బయటికొస్తూ అనుకున్న మాట వేరు. "పదకొండు రోజులు ఊహించి రాసినవాడు మిగతావి చూసే రాశాడని గ్యారంటీ ఏమిటి?" సోమవారం నుంచి డిగ్రీలాయన కనపడితే కొత్త హాస్యం మొదలైంది. "ఈరోజు ఎంతండీ? చూశారా, ఊరికే వేశారా?" ఈ హాస్యానికి ఆయన నవ్వలేకపోయాడు.

ఆ రోజు హాల్లోంచి అందరూ వెళ్ళాక ప్రొఫెసరమ్మ వరండాలో ఆయన కోసం నిలబడి ఉంది.

"మాస్టారూ, మీరు అంత ఇబ్బంది పడక్కర్లేదండి. ఆ గుర్తు పెట్టి పన్నెండేళ్ళయింది. ముప్ఫై నాలుగేళ్ళలో పదకొండు రోజులు లెక్కలో ఏ మూలకీ రావు. మిగతా రికార్డు మా దగ్గరున్న మంచివాటిల్లో ఒకటి."

"పన్నెండేళ్ళ నుంచీ తెలుసా, అమ్మా?"

"ఆ పదకొండూ సరైనవి కావని తెలుసు."

"మరి ఎందుకలా రాశావని ఒక్కరూ అడగలేదే."

ఆవిడ ఇబ్బందిగా చూసింది. "లెక్కకి కారణం అవసరం లేదు కదండీ" అంది. తప్పేమీ లేదు, నిజంగానే అవసరం లేదు. పంతొమ్మిదేళ్ళు ఆయన ఒంటరిగా దాచుకున్న దొంగతనం పన్నెండేళ్ళుగా ఎక్కడో ఓ ఆఫీసులో చిన్న గుర్తయి తిరుగుతూనే ఉంది. పట్టుకున్నవాళ్ళకి కోపం లేదు, జాలి లేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆయనకు.

ఆయన ఒక్కటే అడిగాడు. "ఆ రోజుల్లో మా ఊళ్ళో వాన ఎప్పుడు పడిందో మీ దగ్గరుందా?"

ఆవిడ ఫోనులో వెతికింది. తూర్పున ఉన్న కేంద్రంలో పదమూడున పడింది, పడమటి దాన్లో పదహారున. వేసవి వానలు కదా, ఓ వీధిలో పడితే ఇంకో వీధిలో పడవు. ఈ ఊరి సంగతి తెలియదంది. "మీ దగ్గర వాన కొలత గుర్తుందంటే సవరణ పత్రం పంపొచ్చు. అంత పాతదానికి తేదీ చెప్పగలిగిన సాక్షి సంతకం కావాలి. అవసరమని కాదులెండి, మీ తృప్తి కోసం."

ఆ పత్రం పోస్టులో వచ్చి బల్ల మీద మూడు వారాలు ఉంది. ఆ మూడు ఆదివారాలూ బావమరిది రాలేదు. నలుగురిలో తలవంపులు తెచ్చాను, ఇక రాడు అనుకున్నాడు ఈయన. అయినా ఐదింటి పని అయ్యాక తనే చదరంగం బల్ల పరిచి, చీకటి పడేదాకా కూర్చుని, మళ్ళీ సర్దేసేవాడు. ఓ ఆదివారం రెండు వైపులా తనే ఆడి చూశాడు. నల్లపావుల తరఫున మాట్లాడేవాడు లేక ఆట సాగలేదు. ఇంట్లో ఎవరూ లేరని పంతొమ్మిదేళ్ళుగా తెలుసు ఆయనకు. అది ఇంత గట్టిగా ఎప్పుడూ వినపడలేదు.

నాలుగో సోమవారం పొద్దున ఎనిమిదింటి పని చూసుకుని, పత్రం మడిచి జేబులో పెట్టుకుని, ఆయనే మైకుసెట్ల దుకాణానికి వెళ్ళాడు. బావమరిది కింద కూర్చుని తడిసిన టెంటుగుడ్డ మడతలు విప్పి ఆరేస్తున్నాడు. చూసి లేవలేదు. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి కాలితో ముందుకు తోశాడు.

"నువ్వొస్తావనుకోలేదు బావా" అన్నాడు.

"నువ్వు రాకపోతే నేను రావాలి కదా. నీ పరువు తీశాను. కోపం ఉంటుంది."

"కోపమా?" అతను గుడ్డ వదిలేశాడు. గోడ మీద, ఆంప్లిఫయర్ల అర పైన, అక్క ఫోటో ఉంది. "ఆ రాత్రి ఇంటికెళ్ళి మా ఆవిడకి చెబుతున్నా, పలానా మే నెల, పలానా తారీఖులు అని. అది నన్ను అదోలా చూసింది. పొద్దున్నే ఇక్కడికొచ్చి ఈ ఫోటో కింద తారీఖు చదివాను. వారమంతా ఆ కాగితం పట్టుకు తిరిగాను బావా. రోజూ దీని కిందే కూర్చుంటాను. ఏ మొహం పెట్టుకుని నీ ఇంటికి రాను?"

డిగ్రీలాయన జేబులోంచి పత్రం తీసి మోకాలి మీద సాపు చేశాడు.

"ఇది పూర్తి చెయ్యాలి. నేను తిరిగొచ్చిన రోజున డబ్బాలో నీళ్ళున్నాయి. పారబోశాను. ఎంతో గుర్తుంది, ఏ రోజు పడిందో తెలీదు. అప్పుడు నువ్వు ఊళ్ళోనే ఉన్నావు. నీకేమైనా..."

"పద్నాలుగు" అన్నాడు బావమరిది వెంటనే.

"ఆలోచించుకుని చెప్పు. ఇది రికార్డు."

"ఆలోచించక్కర్లేదు. పద్నాలుగున కొత్త మార్కెట్ భవనం ప్రారంభోత్సవం. టెంటు నాది. ఆ రాయి మీద తారీఖు ఇప్పటికీ ఉంది, వెళ్ళి చూసుకో. నాలుగింటికి ఒక్కసారిగా కుండపోత. టెంటు కూలింది, అందరూ పరిగెత్తారు. ఆ పని ఒప్పుకున్నాననే కదా నేను ఆసుపత్రికి రానిది. ఇది అవగానే వస్తా, ఇది అవగానే వస్తా అని నీకు ఫోన్లో చెప్పి చెప్పి... పదహారున వచ్చాను. అప్పటికి అక్కకు మాట లేదు."

"పద్నాలుగు సాయంత్రం నుంచే లేదు."

బావమరిది వదిలేసిన గుడ్డ అంచు మళ్ళీ పట్టుకుని పిండాడు. తర్వాత, మైకు ముందు ఎప్పుడూ మాట్లాడని గొంతుతో అడిగాడు. "ఆఖర్న ఏమంది బావా? పంతొమ్మిదేళ్ళలో నేను అడగలేదు, నువ్వు చెప్పలేదు."

"ఆ రోజు నాలుగూ నాలుగున్నర మధ్య. నిద్రపోతోందనుకున్నా. కళ్ళు తెరిచి, 'మన ఇంటి దగ్గర వాన పడుతోంది, దండెం మీద బట్టలు తియ్యండి' అంది. కిటికీలోంచి చూస్తే ఎండ మండిపోతోంది. జ్వరం తలకెక్కిందనుకున్నా. 'వానా లేదు, ఏమీ లేదు, పడుకో' అన్నాను. 'పడుతోందంటే వినరే' అంది. 'లేదన్నానా' అని కసిరాను. ఆ తర్వాత మాట్లాడలేదు."

"పడింది బావా."

"డబ్బా ఎత్తినప్పుడు బరువుకి నా గుండె ఆగినంత పనయింది. ఆ రోజేనా, ఇంకో రోజా? ఎవరినీ అడగలేను. గళ్ళలో సున్నాలు చుట్టి, ఆవిణ్ణి ఇంకోసారి కసిరినట్టు చేశాను."

"పడింది" అన్నాడు బావమరిది మళ్ళీ. దేన్నీ ఒక పట్టాన ఒప్పుకోని మనిషి ఏడుస్తూ ఆ మాట నాలుగైదు సార్లు అన్నాడు. "నేను తడిశాను. నా కళ్ళతో చూశాను. పడింది."

పత్రం తీసుకుని సాక్షి అని ఉన్న చోట సంతకం పెట్టాడు. డిగ్రీలాయన తేదీ రాశాడు, నాలుగు గంటలు అని రాశాడు, ముప్ఫై ఒకటి పాయింట్ నాలుగు అని రాశాడు. కింద పరిశీలకుల పేర్లు రాసే గడి ఉంది. తన పేరు రాయబోయి ఆగి, ముందు ఆవిడ పేరు రాశాడు.